రుజువును చంపిందెవరు?

అపరాధ పరిశోధనను గూర్చి మన అభ్యుదయ విమర్శకులు సాధారణంగా మాట్లాడరు. మాట్లాడక తప్పనప్పుడు రెండు ముక్కల్లో తేల్చివేస్తారు: అది కాలక్షేపపు సరుకు, ధనికుడి ఇనప్పెట్టెకు కాపలా కాసే సాహిత్యం. కొమ్మూరి సాంబశివరావు నవలలను అద్దె పుస్తకాల దుకాణాల నుంచి తెచ్చుకొని అట్టలు ఊడిపోయేదాకా చదివిన కాలం నుంచీ ఈ తీర్పు చెలామణిలో ఉంది. డిటెక్టివు యుగంధరూ, అతని అసిస్టెంటు రాజూ కలిసి కుర్రకారును చెడగొడుతున్నారని వాపోయిన పెద్దలు, మన ఆరుద్ర కూడా అపరాధ పరిశోధక నవలలు రాశారన్న సంగతిని మాత్రం మర్యాదగా మరిచిపోయారు.

ఇప్పుడా నవలల కాలం గడిచిపోయింది. వాటి స్థానాన్ని వెండితెరా, బుల్లితెరా, అరచేతిలోని ఫోను తెరా ఆక్రమించాయి. తీర్పు మాత్రం మారలేదు. ఒక కుటుంబగాథా చిత్రాన్ని గూర్చి మన పత్రికల్లో పది పేజీల చర్చ జరుగుతుంది; మన విద్యార్థులు రాత్రులు మేలుకొని చూసే హత్యా పరిశోధన చిత్రాన్ని గూర్చి పది పంక్తులుండవు. ఈ ఉపేక్ష వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. మనం కాలక్షేపమని వదిలేసిన ఆ చోటనే, నేరమంటే ఏమిటి, రుజువంటే ఏమిటి, పోలీసువాడికి ఎంతవరకు అధికారముండాలి అనే ప్రశ్నలకు మన యువకులు సమాధానాలు నేర్చుకుంటున్నారు. నేర్పుతున్నది మనం కాదు.

నేననేదేమంటే, అపరాధ పరిశోధక కథ పుట్టుకతో మనకు శత్రువు కాదు. అది హేతువాదం కన్న బిడ్డ. ఆ బిడ్డను ఎత్తుకుపోయి, చేతికి లాఠీ ఇచ్చి, నుదుట విబూది పెట్టి, మళ్లీ మన ముందుకే తెచ్చి నిలబెట్టారు. చూసినవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. విమర్శకుడు పోలిక పట్టవలసింది ఇక్కడ.

కొంచెం వెనక్కి పోదాం. యూరపులో పద్దెనిమిదో శతాబ్దం నడిమి వరకు నేరం తేల్చడానికి పరిశోధకుడితో పెద్దగా పనిలేదు. సాక్ష్యాలన్నిటిలోకి ముద్దాయి ఒప్పుకోలే రాణి. ఆ రాణిని రప్పించడానికి చిత్రహింసల గది ఉండనే ఉంది. ప్రష్యాలో 1740లో, ఫ్రాన్సులో 1780 దశకంలో, ఇలా ఒక్కొక్క రాజ్యంలో చట్టబద్ధమైన చిత్రహింస రద్దవుతూ వచ్చింది. వేళ్లు నలగగొట్టే మర పోయిన తరువాతనే వేలిముద్రకు విలువ వచ్చింది. ఎడ్గార్ ఆలన్ పో రాసిన మొదటి డిటెక్టివు కథ 1841లో అచ్చయింది. ఈ రెంటికీ గల సంబంధాన్ని జర్మన్ మార్క్సిస్టు తత్వవేత్త ఎర్నెస్ట్ బ్లాఖ్ పసిగట్టాడు. న్యాయానికి రుజువు కావాలన్న పట్టుదల పుట్టిన తరువాతనే, ఆనవాళ్లు వెతికే మనిషి కథానాయకుడు కాగలిగాడు. బ్రెక్టు ఈ కథలను ఇష్టపడి చదివాడు, వాటిని గూర్చి రాశాడు కూడా. గ్రాంసీ జైలు గదిలో కూర్చుని వాటికి ఇంత జనాదరణ ఎందుకని ఆలోచించాడు. మన పెద్దలకు పనికిమాలినదిగా తోచింది వాళ్లకు అలా తోచలేదన్నమాట.

ఇదంతా పరాయి దేశాల ముచ్చట అనుకోనక్కరలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసలపై విచారణ జరిపిన కమిషను 1855లో నివేదిక ఇచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. శిస్తు వసూలు చేయడానికీ, నేరం ఒప్పించడానికీ సర్కారు బంట్రోతులు రైతులను ఏమేమి చేసేవారో ఆ నివేదికలో ఉంది. చేతులనో, తొడలనో మధ్య పెట్టి నొక్కే 'కిట్టీ' అనే కొయ్య సాధనం, మనిషిని నడుము వంచి తాడుతో బిగించి ఉంచే శిక్ష – వీటి తెలుగు పేర్లతో సహా అందులో నమోదయ్యాయి. 1857 సెప్టెంబరులో మార్క్సు 'న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్' పత్రికలో భారతదేశంలోని చిత్రహింసలను గూర్చి రాసిన వ్యాసానికి ఇలాంటి అధికార పత్రాలే ఆధారం. మార్క్సును చదివామని చెప్పుకునే మనలో ఎంతమందికి ఈ వ్యాసం గుర్తుందో!

1872 నాటి సాక్ష్య చట్టంలోని 25వ సెక్షను ఈ నేపథ్యంలోనిదే. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువు కాజాలదని అది శాసించింది. ఆ చట్టం రాసిన తెల్లదొరలు దయామయులేమీ కారు. తమ పోలీసు ఎట్లాంటిదో వాళ్లకు బాగా తెలుసు, అంతే. స్వతంత్ర భారత పాలకులు ఈ నియమానికి తూట్లు పొడవాలని చూడకపోలేదు. 1987 నాటి టాడా చట్టమూ, 2002 నాటి పోటా చట్టమూ పోలీసు అధికారి ముందు చెప్పిన ఒప్పుకోలును సాక్ష్యంగా చెల్లించాయి. ఆ రెండు చట్టాలూ పోయాయి, కాని పాత నియమం పోలేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 23వ సెక్షనుగా బతికే ఉంది. దెబ్బలు తిన్న రైతుల వీపుల మీద నుంచి పుట్టిన నియమం అది. డిటెక్టివు కథకు ప్రాణం కూడా అదే: కొట్టకుండా కనుక్కోవడం.

మన తెర మీద ఈ ప్రాణం ఒకప్పుడు ఉండేది. 1993లో బాసూ ఛటర్జీ దూరదర్శన్ కోసం 'బ్యోంకేశ్ బక్షీ' తీశాడు. శరదిందు బందోపాధ్యాయ 1932 నుంచి బెంగాలీలో రాసిన కథలవి. హిందీ అరకొరగా వచ్చిన తెలుగు ఇళ్లలో సైతం పిల్లా పెద్దా కూర్చుని చూశారు. బ్యోంకేశ్‌కు డిటెక్టివు అనే మాటే నచ్చదు, తనను సత్యాన్వేషి అనమంటాడు. రజిత్ కపూర్ ధరించిన ఆ పాత్ర చేతిలో పిస్తోలు కంటె టీ కప్పు ఎక్కువసార్లు కనబడుతుంది. అతను వింటాడు. అడిగిన ప్రశ్ననే మరొక విధంగా అడుగుతాడు. చివరకు హంతకుడు నోరు విప్పినా, అది సాక్ష్యాలు చుట్టుముట్టడం చేత విప్పిందే గాని చెంప పగలడం చేత కాదు. ఆ ప్రపంచం కలకత్తా భద్రలోకపు ప్రపంచమే. వీలునామాలు, వారసత్వాలు, మేడ మీద గదులు – ఇవి లేకుండా అక్కడ హత్య జరగడం అరుదు. వంటవాడికీ నౌకరుకీ అనుమానితులుగా తప్ప అందులో చోటు లేదు. మన విమర్శకుల అభియోగంలో ఇంతమేరకు సత్యం ఉంది, కాదనను. కాని ఆస్తిపరుడి ఇంట్లో పుట్టినంత మాత్రాన తర్కం ఆస్తిపరుడిది కాదు. అచ్చుయంత్రాన్ని కనిపెట్టింది కూడా మనవాళ్లు కాదు.

తెలుగులో ఈ రకం చిత్రాలు మొదటి నుంచీ తక్కువే. 1985లో వంశీ తీసిన 'అన్వేషణ' వాటిలో చెప్పుకోదగ్గది. అడవిలో మనుషులు చస్తుంటారు, పులి చంపిందని ఊరంతా నమ్ముతుంది. వచ్చినవాడు పులి జాడ తీస్తే మనిషి చెయ్యి బయటపడుతుంది. పాటలూ, భయపెట్టే నీడలూ ఎన్ని ఉన్నా, ఆ కథ సారం ఇదే – ప్రకృతి మీదికి నెట్టిన నేరాన్ని మళ్లీ మనిషి మీదికి తేవడం. మరుసటి ఏడాది జంధ్యాల 'చంటబ్బాయ్' నవ్వించడానికి తీసిన చిత్రం, నవ్వించింది, దాన్ని అక్కడికే వదిలేద్దాం. 2019లో స్వరూప్ తీసిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' గూర్చి మాత్రం రెండు మాటలు చెప్పాలి. నెల్లూరులో బల్లా కుర్చీ వేసుకుని కూర్చున్న ఒక చిన్న డిటెక్టివు. చేతిలో అధికారం లేదు, తుపాకీ లేదు, పోలీసులకు అతనంటే నవ్వు. రైలు పట్టాల పక్కన దొరికిన అనాథ శవాల వెంట పోయి, చనిపోయినవాళ్ల అంత్యక్రియల మీది నమ్మకాన్ని పెట్టుబడిగా చేసుకున్న ముఠాను కనిపెడతాడు. భక్తి మాటున జరిగే వ్యాపారాన్ని ఇంత సూటిగా చూపిన చిత్రం ఈమధ్య మరొకటి రాలేదు. దాన్ని గూర్చి మన పత్రికలు రాశాయా?

ఇక లాఠీ సంగతి. సోనీ టీవీలో 1998 నుంచి 2018 దాకా, ఇరవై ఏళ్లపాటు నడిచి, 2024 డిసెంబరులో మళ్లీ మొదలైన 'సీఐడీ' ధారావాహిక చూడనివారు అరుదు. అందులో తలుపులు పగలగొట్టడాన్ని గూర్చి జనం హాస్యాలాడుతారు. చెంపదెబ్బను గూర్చి ఎవరూ ఆడరు. నేరస్థుడు బొంకుతాడు, అధికారి చెయ్యి లేస్తుంది, చెంప ఛెళ్లుమంటుంది, మరుక్షణం నిజమంతా ధారగా బయటికి వస్తుంది, ఆ వెంటనే నీకు ఉరి తప్పదని అధికారే తీర్పు కూడా చెప్పేస్తాడు. పరిశోధన, విచారణ, శిక్ష ఒక్క మనిషి నోటనే, ఒక్క నిమిషంలో పూర్తి. కోర్టు అనేది ఆ కథాప్రపంచంలో ఎక్కడుందో తెలియదు. ఇంటిల్లిపాదీ భోజనాల వేళ చూసే కార్యక్రమం ఇది. దెబ్బ తగిలితే నిజం బయటికొస్తుందని, దెబ్బ తిన్నవాడు చెప్పేది నిజమే అయివుంటుందని, ఈ పాఠాన్ని రెండు తరాల పిల్లలు అన్నం ముద్దతోపాటు మింగారు. దెబ్బలు తిన్నవాడు అడిగినవాడికి కావలసింది చెబుతాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్లు, ఒప్పుకున్నాడంటే లోపలికి తోసెయ్యమనే న్యాయం అది.

తెలుగులో ఈ ధోరణి 2020 ఫిబ్రవరిలో శైలేష్ కొలను 'హిట్' చిత్రంతో కొత్త హంగులు దిద్దుకొంది. హత్యలను ఆపడానికి ఏర్పడిన ప్రత్యేక పోలీసు దళం కథ. న్యాయంగా చెప్పాలంటే మొదటి చిత్రంలో పరిశోధన ఉంది. నాయకుడు విక్రం రుద్రరాజు తన గతపు గాయంతో తానే సతమతమయ్యే మనిషి. 2022లో వచ్చిన రెండో చిత్రపు నాయకుడు నేరస్థులవి కోడిబుర్రలని నవ్వుతాడు. ఆ అహంకారానికి కథ కొంత గడ్డి పెడుతుంది, అంతవరకు మెచ్చుకోవచ్చు. 2025 మే 1న – మే దినం నాడు! – విడుదలైన మూడో చిత్రానికి వచ్చేసరికి ముసుగు పూర్తిగా తొలగిపోయింది. నాని ధరించిన పోలీసు అధికారి అర్జున్ సర్కార్ ఒక మనిషిని అడవిలో తానే ఘోరంగా చంపుతాడు, ఆపైన ఆ హత్యను పరిశోధించడానికి తానే వస్తాడు. హంతకుల ముఠాలోకి చొరబడడానికి చేశాడని కథ కారణం చూపుతుంది. కారణాలకేం, ఎన్నయినా పుడతాయి. పరిశోధకుడూ హంతకుడూ ఒక్కడే అయినప్పుడు ఇక ఎవరు ఎవరిని కనుక్కోవాలి? పో నుంచి బ్యోంకేశ్ దాకా కథకులు ఎంతో జాగ్రత్తగా కాపాడుకొంటూ వచ్చిన గీత ఒకటుంది: నేరం చేసేవాడు ఒకవైపు, నేరాన్ని అర్థం చేసుకొనేవాడు మరొకవైపు. ఆ గీతను ఇక్కడ నెత్తుటితో అలికేశారు. చివరి ఘట్టంలో ఎంత మంది చచ్చారో లెక్క పెట్టడం కూడా కష్టం, ఒక్కరి మీదనైనా ఏం రుజువైందో చెప్పడం అంతకంటె కష్టం. పెద్దలకు మాత్రమే అని సెన్సారు ముద్ర వేసింది, నిజమే. కాని ఆ ముద్ర నెత్తుటిని చూసి వేసింది. ఆ తర్కానికి ముద్ర వేసే సెన్సారు ఏదీ లేదు.

ఇవి సినిమాలు, వీటిని పట్టుకొని ఇంత రాద్ధాంతమా అనేవాళ్లుంటారు. అలాంటివారు మొదటి 'హిట్' విడుదల కావడానికి మూడు నెలలు కూడా ముందు కాని ఒక ఉదయాన్ని గుర్తు తెచ్చుకోవాలి. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని చెరిచి చంపారు. అంత ఘోరానికి దేశమంతా రగిలిపోవడం సహజం, న్యాయం. లారీ మీద పనిచేసే నలుగురిని పట్టుకున్నారు. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, నేరం జరిగిన తీరు చూపించడానికని తీసుకుపోయి, ఆ నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. మధ్యాహ్నానికల్లా జనం అక్కడ చేరి పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే పోలీసులు కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని ఆ కమిషను తేల్చింది. ఆ కమిషను సభ్యుల్లో ఒకరు సీబీఐ మాజీ డైరెక్టరు కార్తికేయన్ – రాజీవ్ గాంధీ హత్యను పరిశోధించిన అధికారి. అసలు సిసలు పరిశోధకుడు ఇక్కడ పూలు చల్లలేదు.

సినిమాలు చూసి పోలీసులు కాల్చారని నేననడం లేదు. వాళ్లకు ఆ పని సినిమాలు నేర్పనక్కరలేదు. 2008 డిసెంబరులో వరంగల్లు యాసిడ్ దాడి కేసులో ముగ్గురిని ఇలాగే చంపారు, అంతకు ముందు దశాబ్దాల తరబడి మన అడవుల్లో ఎవరిని ఎట్లా చంపారో ఈ పత్రిక పాఠకులకు చెప్పవలసిన పనిలేదు. నేననేది పూలు చల్లిన చేతుల గూర్చి. ఆ చేతులను తయారుచేసింది చెంపదెబ్బల పరిశోధనే. కథ ముగియగానే తెర మీద ఏం జరగాలో ప్రేక్షకుడికి అలవాటైపోయింది. రోడ్డు మీద అదే జరిగితే అతనికి అది ముగింపుగానే తోచింది, నేరంగా తోచలేదు. ఈ ముగింపు మరొక మేలు కూడా చేసింది, ప్రజలకు కాదు, పోలీసులకు. ఆ రాత్రి అమ్మాయి కనబడడం లేదని ఫిర్యాదుకు పోయిన కుటుంబాన్ని, ఇది మా పరిధి కాదంటూ తిప్పారన్న ఆరోపణ మీద ముగ్గురు పోలీసులను సస్పెండు చేశారు. నలుగురి శవాలు నేల మీద పడగానే ఆ ప్రశ్న గాలికి పోయింది. స్త్రీల రక్షణ కోసం వీధుల్లోకి వచ్చిన ఉద్యమానికి తుపాకీ చప్పుడే జవాబైంది. మంచి డిటెక్టివు కథలో ఇలాంటి ప్రశ్న గాలికి పోదు. ఆ రాత్రి ఠాణాలో గడియారం ఎంత చూపింది అన్నదగ్గరే అది మొదలవుతుంది.

ప్రేక్షకులే కోరుతున్నారు గనుక తీస్తున్నామని నిర్మాతలంటారు. ప్రేక్షకులను గూర్చి వీళ్లకు తెలిసింది చాలా తక్కువ. మలయాళంలో 2013లో జీతూ జోసెఫ్ తీసిన 'దృశ్యం' 2014లో వెంకటేశ్‌తో తెలుగులో వచ్చింది. కూతురి మానం కాపాడుకొనే పెనుగులాటలో జరిగిన ఒక చావును దాచిపెట్టే కేబుల్ టీవీ వ్యాపారి కథ. అతడు చదువుకున్నవాడు కాదు. సాక్ష్యం ఎట్లా తయారవుతుందో, ఎట్లా తారుమారవుతుందో సినిమాలు చూసి నేర్చుకున్నాడు. చనిపోయినవాడి తల్లి పెద్ద పోలీసు అధికారి. ఠాణాలో చిన్నపిల్లను కూడా వదలకుండా కొడతారు. అప్పుడు థియేటరంతా ఎవరి పక్షాన నిలబడింది? నేరం దాచినవాడి పక్షాన! అతను దొరకకుండా ఉండాలని ఊపిరి బిగబట్టి కూర్చుంది. షాద్‌నగర్‌లో పూలు చల్లినవాళ్లలో ఈ చిత్రానికి ఈలలు వేసినవాళ్లు ఉండే ఉంటారు. ఇందులో వింతేమీ లేదు. లాకప్పులో ఉన్నది తనవంటి మనిషని కెమెరా చూపిస్తే ప్రేక్షకుడు రుజువు అడుగుతాడు, లాఠీని అసహ్యించుకుంటాడు. లాకప్పులో ఉన్నది ముఖంలేని పురుగని చూపిస్తే లాఠీ కోరతాడు. కోరిక ప్రేక్షకుడిలో పుట్టినది కాదు. కెమెరా ఎక్కడ నిలబడిందన్నదే అసలు సంగతి. దాన్ని నిలబెట్టేది పెట్టుబడి పెట్టినవాడు.

లాఠీ ఒక దారి. రుజువును చంపడానికి మరొక దారి కూడా ఉంది, అది మంత్రం. చందు మొండేటి 2014లో తీసిన 'కార్తికేయ' కథలో, మూతబడ్డ గుడిని గూర్చి ఆరా తీసినవాళ్లు పాముకాటుతో చస్తుంటారు. దైవకోపమని ఊరు నమ్ముతుంది. ఒక వైద్య విద్యార్థి పట్టుదలగా తవ్వి, పాము వెనక మనుషుల కుట్ర ఉందని తేలుస్తాడు. 'అన్వేషణ' పులికి ఈ పాము తోబుట్టువే. అదే నాయకుడు 2022లో 'కార్తికేయ 2'లోకి వచ్చేసరికి కృష్ణుడి కాలి కడియం వెతుక్కుంటూ దేశం తిరిగే భక్తుడయ్యాడు. ఎనిమిదేళ్లలో ప్రశ్నించిన కుర్రవాణ్ణి ప్రదక్షిణలు చేయించారు. ఈ ఎనిమిదేళ్లలో దేశ రాజకీయాల్లో ఏం జరిగిందో తెలిసినవారికి ఈ మార్పుకు కారణం వేరే చెప్పనక్కరలేదు.

2023లో వచ్చిన 'విరూపాక్ష' ఇంకొక మెట్టు దిగింది. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఊరి జనం ఒక జంటను తగలబెడతారు. ఏళ్ల తరువాత ఊళ్లో వరస చావులు. ప్రేక్షకుడు ఒక మనిషి చెయ్యి బయటపడుతుందని ఎదురు చూస్తాడు. బయటపడేది చేతబడే! అది నిజమేననీ, అనుమానించిన జనానిదే సరైన అనుమానమనీ కథ తేల్చి కూర్చుంటుంది. తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరు మీద పళ్లూడగొట్టిన ముసలివాళ్లు, చెట్టుకు కట్టేసి కొట్టబడిన ఒంటరి ఆడవాళ్లు, తగలబెట్టబడిన దళితులు ఎందరో. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి ఏళ్ల తరబడి చెప్పినదాన్ని, చక్కని ఛాయాగ్రహణంతో, చెవులు దద్దరిల్లే సంగీతంతో రెండున్నర గంటల్లో తుడిచిపెట్టడం సాధ్యమే. మిస్టరీ కథ మొదట భయపెట్టి, పిమ్మట ఆ భయాన్ని విప్పి చూపాలి. విప్పకుండా ముడి మీద ముడి వేసి, దానికి పూజ చెయ్యమనేది మిస్టరీ కాదు. దాన్ని పురోహితుడి వ్యాపారమంటారు.

లాఠీ, మంత్రం రెండూ చేసే పని ఒకటే. రెంటికీ సాక్ష్యంతో పనిలేదు. రెండూ ముందే తెలిసిన నేరస్థుడితో మొదలవుతాయి. ఆ నేరస్థుడు దాదాపు ఎప్పుడూ బీదవాడో, ఒంటరివాడో, కులం తక్కువవాడో అయివుండడం కాకతాళీయం కాదు.

తెర మీది సంగతి వదిలి నేల మీది సంగతి ఒకటి చూడండి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టలులో ఉన్న ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. అసలు నేరస్థులు పెద్ద కుటుంబాలవాళ్లని తల్లిదండ్రులు మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. ఆ ఆరోపణ నిజమో కాదో తేల్చవలసింది పరిశోధన. 2008లో పోలీసులు ఒక బీద దళిత యువకుణ్ణి పట్టుకొచ్చి, హంతకుడు వీడేనన్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. కాళ్లు చచ్చుబడే జబ్బుతో అతను జైలులో మంచం పట్టాడు. 2017 మార్చిలో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసి, పరిశోధన జరిగిన తీరును తీవ్రంగా తప్పుపట్టింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా గడిచింది. హంతకుడెవరన్న ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చి, 2018లో కేసు సీబీఐ చేతికి పోయింది.

ఆ యువకుణ్ణి 2008లోనే ఒక అర్ధరాత్రి 'కాల్పుల'లో చంపివుంటే? పూలు చల్లేవాళ్లు దొరికేవారు. మిఠాయిలు పంచేవాళ్లు దొరికేవారు. అతను నిర్దోషి అన్న తీర్పు మాత్రం ఎన్నటికీ వచ్చేది కాదు. కోర్టులు ఆలస్యం చేస్తున్నాయి గనుక కాల్పులే నయం అనే పెద్దమనుషులు ముందు ఈ లెక్కకు జవాబు చెప్పాలి. కోర్టు ఆలస్యం చేసింది, నిజమే. ఆ ఆలస్యంలోనే అతని ప్రాణం కూడా మిగిలింది.

ఇంకొక రకం చిత్రాలు లేకపోలేదు. వెట్రిమారన్ తమిళంలో తీసిన 'విసారణై' 2015లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. చంద్రకుమార్ అనే ఆటో డ్రైవరు తన అనుభవం మీద రాసిన 'లాకప్' నవల దానికి మూలం. ఆ లాకప్పు మరెక్కడిదో కాదు, మన గుంటూరుది! బతుకుతెరువుకు వచ్చి పార్కులో పడుకునే తమిళ కూలీలను దొంగతనం కేసులో పట్టుకొని, నేరం ఒప్పుకొనేదాకా కొడతారు. భాష తెలియదు, నేరమేమిటో కూడా తెలియదు. ఒప్పుకోమని మాత్రం తెలుస్తూ ఉంటుంది. అపరాధ పరిశోధక చిత్రాన్ని లోపలి నుంచి తిప్పి చూపిస్తే ఇలా ఉంటుంది. కేసు తేలిందని అధికారి పత్రికలవాళ్లకు చెప్పే ఘట్టానికి వెనక, గోడకు అవతల ఏం జరిగిందో ఇది చూపింది. మనం గుంటూరు మిర్చిని గూర్చి చెప్పుకున్నంత గర్వంగా ఈ సినిమాను గూర్చి చెప్పుకోలేము గనుక కాబోలు, తెలుగు విమర్శలో దీని ఊసే తక్కువ. 2021లో జ్ఞానవేల్ తీసిన 'జై భీమ్'లో ఒక గిరిజన స్త్రీ భర్త ఠాణా నుంచి మాయమైతే, న్యాయవాది ఒక టెలిఫోను పిలుపు జాడ పట్టుకుని పోలీసుల అబద్ధాన్ని విప్పుతాడు. న్యాయవాదిని దేవుణ్ణి చేశారన్న విమర్శలో నిజముంది. అయినా అక్కడ ప్రతి అడుగుకూ ఒక సాక్ష్యం ఉంది, నిందితుడు యూనిఫారం తొడుక్కున్నవాడు. అదే ఏడాది తెలుగులో వచ్చిన 'నాంది', చేయని హత్యకు విచారణ ఖైదీగా ఏళ్లు గడిపిన కుర్రవాడి కథ. తప్పుడు కేసు పెట్టినవాణ్ణి చట్టం ప్రకారమే నిలదీయవచ్చని మామూలు ప్రేక్షకుడికి చెప్పింది. కళగా దానిలో లోపాలు చాలా ఉన్నాయి. ఆడింది గదా! రుజువు అడిగే సినిమాకు జనం రారన్న మాట అబద్ధమని తేలింది గదా!

తెలుగు నేల మీద సత్యాన్వేషికి నమూనాలు లేక కాదు. 1975 జూలైలో, ఎమర్జెన్సీ చీకటిలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు 'ఎదురుకాల్పుల్లో' చనిపోయారని ప్రకటించారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడి, తార్కుండే అధ్యక్షత వహించిన సంఘం ఆ సంగతి విచారించింది. చేతిలో అధికారం లేదు, లాకప్పు లేదు. సాక్షులను కనుక్కొని, అడిగి, చెప్పినదాన్ని చెప్పినదానితో సరిచూసి, ఆ విద్యార్థులను చెట్లకు కట్టి కాల్చారన్న నిర్ణయానికి వచ్చింది. ఆ తరువాత మన పౌరహక్కుల కార్యకర్తలు ఎన్ని పల్లెలు తిరిగారో, ఎన్ని నిజనిర్ధారణ నివేదికలు రాశారో! ఒక్కొక్క నివేదికలో ఒక్కొక్క కథ ఉంది – మార్చిన తేదీ, దొరకని తూటా, భయపడి మాట మార్చిన సాక్షి, మరునాడు మళ్లీ వచ్చి నిజం చెప్పిన అతని భార్య. యుగంధరుకు ఇంతకంటె చిక్కు కేసు ఎన్నడూ తగలలేదు.

మన కాలేజీ సాహితీ సమితుల్లో 'విసారణై'నీ, మూడో 'హిట్'నూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి వేయండి. రెండూ అయ్యాక విద్యార్థుల చేతికి తెల్లకాగితం ఇచ్చి, తెర మీద శిక్ష పడిన ప్రతివాడి పేరు ఎదుట, వాడి మీద ఏం రుజువైందో రాయమనండి.